రేవు కాపరికి సంతాపం

ఆ చెయ్యి ఎవరిదో తెలియదు. బొద్దుగా ఉంది. ఉంగరపు వేలికి ఎర్రరాయి. చనిపోయిన మనిషి భుజం మీద, ఎక్కడికీ తొందర లేనట్టు వాలి ఉంది. నెద్కా కంప్యూటర్ తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, ఆ చేతిని ఒక్కొక్క వేలే తుడిచేస్తోంది. చిటికెన వేలు పోయింది. ఎర్రరాయి దగ్గరికి వచ్చేసరికి బల్లకు అవతల కూర్చున్న ముసలావిడ దగ్గింది.

"అది నాదమ్మా."

నెద్కా ఆగింది.

"ఆ చెయ్యి. మా చెల్లెలి కూతురి పెళ్ళిలో." ముసలావిడ తన చేతిని బల్లమీద పెట్టి చూపించింది. ఇప్పుడది బొద్దుగా లేదు గాని ఉంగరం అదే. "ఉంచేస్తే ఎక్కువ తీసుకుంటారా?"

"లేదండీ. తీసేస్తేనే ఎక్కువ."

"అయితే ఉండనీ. ఆయనకీ అలవాటే."

నెద్కా చిటికెన వేలిని వెనక్కి తెచ్చి అతికించింది.

పిసినారితనానికి పేరుపడ్డ గాబ్రొవో ఊళ్ళో చావు కోసమని ముందే ఫొటో దిగేవాళ్ళు ఉండరు. పెళ్ళిలోనో పుట్టినరోజులోనో తీసినదే గతి. వాటిలోంచి మందు గ్లాసుల్నీ, కేకు ముక్కల్నీ, పక్కనున్న బావమరుదుల్నీ తీసేసి మనిషిని ఒంటరిని చెయ్యడం నెద్కా పని. ఆసుపత్రి వెనక గేటుకు ఎదురుగా ఉన్న ఆ దుకాణం పేరుకు జిరాక్సు షాపు. బతికేది మాత్రం సంతాప పత్రాల మీద. మనిషి ఒక్కసారే పోయినా కాగితం చాలాసార్లు అంటించాలి. పోయిన రోజున, నలభయ్యో నాడు, ఆరో నెలలో, ఏడాదికి, ఆ తరవాత ఇంటివాళ్ళకు ఓపిక ఉన్నంత కాలం. అపార్టుమెంటు తలుపు మీద, బస్టాపులో, దీపస్తంభం మీద. ఇంతకంటే నికరమైన వ్యాపారం లేదని యజమాని గెన్చెవ్ నమ్మకం.

నెద్కా పొట్టి మనిషి. జుట్టుకు ఇంట్లోనే వేసుకున్న వంకాయ రంగు, చెవుల దగ్గర కాస్త చర్మానికి కూడా అంటింది. కుడి బొటనవేలి గోరు కింద సిరా నలుపు శాశ్వతంగా ఉండిపోయింది. నీలం కోటు జేబులో కళ్ళద్దాలు తుడుచుకునే గుడ్డ, అరచేతిలో పట్టే బిస్కట్టు పొట్లం. వచ్చినవాళ్ళు ఏడుస్తున్నంతసేపూ ఆమె మాట్లాడదు. ఏడుపు ఆపాక, "రెండో పేరు, అదే తండ్రి పేరు, కూడా వెయ్యాలా అండీ?" అని అడుగుతుంది. అంత నెమ్మదిగా అడిగేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరని చాలామంది అంటారు. అది నెమ్మది కాదనీ, మరేదో రాకపోవడమనీ నెద్కాకు తెలుసు.

ముసలావిడ వెళ్ళాక నెద్కా కింది సొరుగు తెరిచింది. సిరా గొట్టాల ఖాళీ పెట్టెలో, బూడిదరంగు కాగితంలో చుట్టిన ఇటుకంత పొట్లం. ఉంది. రోజుకు మూడు నాలుగుసార్లు అలా తెరిచి చూస్తుంది. దొంగిలించిన వస్తువు కాదు. డబ్బిచ్చి కొన్నదే. అయినా సొరుగు మూసేటప్పుడు చప్పుడు కాకుండా మూస్తుంది.

గెన్చెవ్ ఒక చేత్తో టీ కప్పు, రెండో చేత్తో నిన్నటి టీ సంచీ పట్టుకుని లోపలికొచ్చాడు.

"నెద్కా, పాడైన కాగితాల తట్ట ఖాళీ చేశాలే. నిన్న నువ్వెళ్ళాక మీ తోత్యో వచ్చాడు, వాళ్ళావిడ ఆరునెలల కాగితాల కోసం. ఫొటో మీద గీతలు పడ్డాయని మనం పక్కన పెట్టినవి కూడా పట్టుకుపోయాడు."

నెద్కా వేళ్ళు తెర ముందు ఆగిపోయాయి.

"అన్నీనా?"

"అన్నీ. గీత ఉంటే ఉండనీ, బతికున్నప్పుడూ సోన్కా నుదుటి మీద గీత ఉండేదన్నాడు. నేనేం ఊరికే ఇవ్వలేదు, సగానికిచ్చా." టీ సంచీని కప్పులో ముంచి, రంగు వస్తుందేమోనని ఆశగా చూశాడు. "ఏం, అందులో నీదేమన్నా ఉందా?"

ఉంది.

పోయిన వారం ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. నెద్కా ఆ తట్టలోంచి ఒక కాగితం తీసింది. ఒకవైపు సోన్కా, గీతతో సహా. రెండోవైపు ఖాళీ. ఆ ఖాళీ వైపు మీద, నల్ల అంచు పెట్టి, మూలన షాపులో ఉన్న బొమ్మల్లోంచి పడవ బొమ్మ వేసి, తాను బతుకంతా ఊళ్ళోవాళ్ళ కోసం కొట్టిన అక్షరాల్లోనే ఒక సంతాపం అచ్చు వేసింది. చూసుకుంది. సిగ్గేసింది. చింపెయ్యబోయింది గాని చావు కాగితం చింపకూడదు, పైగా కాగితం దండగ. సోన్కాను పైకి తిప్పి, తట్టలో అన్నిటికంటే అడుక్కి తోసేసింది.

"ఈ పూట కాస్త ముందు భోజనానికి వెళ్తానండీ," అంది. సొరుగులోంచి పొట్లం తీసి సంచీలో పడేసుకుంది. ఎందుకు తీసుకుందో ఆలోచించలేదు.

యంత్రా నది మీది వంతెన దాటి, ఇంటివైపు మెట్లెక్కుతుంటే మోకాలు నొప్పి పెట్టింది. తోత్యో వాళ్ళది నెద్కా ఉండే అపార్టుమెంటే. అతని కళ్ళకు పొర. అంటించేది సాయంత్రాలే, అందరూ చూస్తారని. జిగురు ఏ వైపు రాశాడో. పొద్దున చీకట్లో దిగి వచ్చేటప్పుడు తను తలుపు వైపు చూడనే లేదు. అత్తయ్య పొద్దున్నే కిందికి దిగి తలుపు మీది కాగితాలు చదవందే కాఫీ తాగదు. అదే ఆవిడకు పేపరు.

చావు గురించి ఇంత హడావిడి పడాల్సినంత దగ్గరివాడు కాదు ఆ పోయినవాడు. అసలు మనిషే కాదు. కెస్రిక్ అని, పుస్తకంలో పడవవాడు.

ఆ పుస్తకాలు ఇంట్లోకి తెచ్చింది కున్చో, నెద్కా మొగుడు. నడుం నొప్పి వైద్యానికి వేడినీళ్ళ ఊరికి వెళ్తూ రైల్వేస్టేషన్లో మొదటి సంపుటం కొన్నాడు. 'ఏడు రేవుల గాథ'. ముప్ఫై పేజీలు చదివి, "గుర్రాలెక్కువ, మనుషులు తక్కువ," అని మూసేశాడు. ఇంటికొచ్చాక వంటింటి బల్లకు ఒక కాలు పొట్టిదని దాని కింద పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. తరవాత ఒక ఫిబ్రవరిలో, బస్సు డిపోలో టీ తాగుతూ తాగుతూ అతను పోయాడు. ఆ కాగితం నెద్కాయే వేసింది. కళ్ళు పొడిగా ఉన్నాయి కాబట్టి అక్షరదోషాలు రెండు దొరికాయి. సమాధి దగ్గర అందరూ ఏడుస్తుంటే ఆమె దండల రిబ్బన్ల మీద అచ్చు వంకరగా పడడం గమనిస్తూ నిలబడింది. కేరా, ఆమె అత్తగారు, కొడుకు పెట్టె మీద చెయ్యి వేసుకుని, ఆ చేతి మీదుగా కోడలి మొహం కేసి ఒక్కసారి చూసింది. ఆ చూపు గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ వసంతంలో నేల తుడుస్తూ నెద్కా బల్ల కింది నుంచి పుస్తకం బయటికి లాగింది. నిలబడే మొదటి అధ్యాయం చదివేసింది. బల్ల ఆ రోజు నుంచీ ఊగుతూనే ఉంది.

"ఏముంది అందులో?" అని అడిగింది కేరా.

"పడవలు, అత్తయ్యా."

"అయిపోయాక ఇటివ్వు."

అప్పటిదాకా వాళ్ళిద్దరూ ఉప్పు, కట్టెలు, కరెంటు బిల్లు తప్ప మరో విషయం మాట్లాడుకున్నవాళ్ళు కారు. రెండో సంపుటం నుంచీ మాటలకు కొదవ లేదు. ముందు నెద్కా చదివేది, తరవాత కేరా. బట్టల మిల్లు మూతపడిన ఏడాది మూడోది. కేరా కళ్ళ ఆపరేషన్ అప్పుడు ఆరోది. కట్టు విప్పగానే ఆవిడ మొట్టమొదట చూసినది డాక్టరు మొహం కాదు, తొంభయ్యో పేజీ. ఏడోదాని మధ్యలో అనువాదకుడు చచ్చిపోయాడు. కొత్తగా వచ్చినావిడ 'బూడిద రేవు'ను 'నివురు రేవు' చేసింది. "కోడలు రాగానే గిన్నెల చోట్లు మార్చినట్టుంది," అంది కేరా, నెద్కా వైపు చూడకుండా. తొమ్మిదోదానికీ పదోదానికీ మధ్య ఆ రచయిత ఏళ్ళ తరబడి మాయమైపోయాడు. అత్తాకోడళ్ళు ఆయన్ని తిట్టినంత బాధ్యతగా సొంత చుట్టాల్ని కూడా తిట్టలేదు.

రాజులూ రాణులూ కేరాకు పట్టలేదు. ఆవిడ మనసు పడింది ఒంటికన్ను కెస్రిక్ మీద. అందరినీ ఆవలి ఒడ్డుకు దాటిస్తాడు, తాను మాత్రం అవతల కాలు పెట్టడు. "మిగతావాళ్ళంతా కిరీటం గురించి మాట్లాడతారు. పని చేసేవాడు వీడొక్కడే," అనేది.

ఈ వేసవి మొదట్లో గుండె డాక్టరు ఇంటికొచ్చి, కేరా వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"అవ్వా, ఇంకా ఎలా నడుస్తోందో నాకు తెలీడం లేదు."

"ఒక్క పుస్తకం బాకీ ఉంది డాక్టరుగారూ. అదయిపోతే మిమ్మల్ని ఇబ్బంది పెట్టను."

డాక్టరు నవ్వాడు. నెద్కా నవ్వలేదు. అల్మరా అడుగున కేరా చావు బట్టలు ఇస్త్రీ చేసి మూట కట్టి ఉన్నాయని ఆమెకు తెలుసు. ఆవిడ మాటంటే మాటే.

ఆగస్టులో, మేరీమాత పండుగ ముందర, పదకొండో సంపుటం వచ్చింది. ఆఖరిది. నెద్కా ఇంటికి తెచ్చి, తన గదిలో దుప్పటి కింద దాచి చదివింది. కెస్రిక్ చచ్చిపోయాడు. ఆమె ఏడ్చింది. ఒక రాత్రి కాదు, చాలా రాత్రులు, దిండు నోటికి అడ్డం పెట్టుకుని. తరవాత పుస్తకాన్ని షాపుకు తీసుకెళ్ళి సిరా పెట్టెలో పెట్టింది. అత్తయ్యతో, అనువాదకురాలికి మణికట్టు విరిగిందట, ఆలస్యమవుతుందట అని చెప్పింది.

ఆ ఆదివారం కేరా గుడికెళ్ళి అనువాదకురాలి మణికట్టు కోసం కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. ప్రతి సాయంత్రం అడిగేది: "చెయ్యి ఎలా ఉందట?" నెద్కా చెప్పేది: "వాపు తగ్గిందట." ఆవిడ కోసమే చేస్తున్నానని నెద్కా తనకు తాను చెప్పుకునేది. నిజమే. కాని ఎనభై నాలుగేళ్ళ మనిషి పుస్తకం కోసం ఎదురుచూస్తుంటే, ఆ పుస్తకాన్ని సొరుగులో పెట్టుకుని ఎదురుగా కూర్చుని సూప్ తాగడానికి 'మంచితనం' అనే మాట ఎంత లాగినా సరిపోయేది కాదు.

అపార్టుమెంటు తలుపు ముందు తోత్యో నిలబడి ఉన్నాడు, టోపీ చేత్తో పట్టుకుని.

"రా నెద్కా, ఇది చూడు. మా సోన్కా పక్కన ఎవర్నో తెచ్చి అంటించిపోయారు. నిన్న నేను అంటించినప్పుడు లేడు వీడు."

గీత నుదుటితో సోన్కా. ఆమె పక్కన, జిగురు ముద్దలు ముద్దలుగా ఉబ్బి, నెద్కా అచ్చువేసిన కాగితం.

*తీరని దుఃఖంతో తెలియజేస్తున్నాము.
మా ప్రియమైన కెస్రిక్, రేవు కాపరి,
అందరినీ దాటించి, తాను దాటకుండానే వెళ్ళిపోయాడు.
దుఃఖంలో ఉన్నవారు.*

"ఇంటిపేరు లేదు, వయసు లేదు," అన్నాడు తోత్యో. "ఫొటో కూడా పెట్టలేదు. నాకంటే పిసినారులు! దునవ్ నది వైపు వాడయ్యుంటాడు. ఇక్కడ ఎవరింట్లో అద్దెకున్నాడంటావ్?"

"తెలీదు మామయ్యా." కాగితం అంచున ఎవరో పచ్చటి పొద కొమ్మ గుచ్చారు. "ఈ ఆకు మీరు పెట్టారా?"

"నేనా? మీ అత్త. పొద్దున్నే దిగింది. చదివింది. మళ్ళీ చదివింది. చుట్టమా కేరా అని అడిగాను. మళ్ళీ పైకెళ్ళి, కుండీలోంచి కొమ్మ తుంచి తెచ్చి గుచ్చింది. నల్ల రుమాలు కట్టుకొచ్చింది సుమా! మా సోన్కా పోయినప్పుడు గోధుమరంగుదే కట్టింది."

నెద్కా మెట్లెక్కింది. ప్రతి మలుపు దగ్గరా కాల్చిన మిరపకాయల వాసన దట్టమైంది. తలుపు తీసే ఉంది.

వంటింట్లో కేరా ఊగే బల్ల ముందు కూర్చుని ఉంది. తల మీద నల్ల రుమాలు. ముందు గిన్నెలో, పోయినవాళ్ళ పేరున పంచే ఉడికించిన గోధుమలు, పైన పంచదార, దంచిన అక్రోట్లు. ఎదురుగా పక్కింటి పెనా, ఒళ్ళో చిన్న ప్లేటు పెట్టుకుని, దుఃఖానికి తగినంత నెమ్మదిగా నములుతోంది.

"దేవుడు క్షమించుగాక," అంది పెనా. "దగ్గర చుట్టమా కేరత్తా?"

"మొదట్లో దూరమే. పోనుపోను దగ్గరయ్యాడు."

"పెద్దవయసా?"

"వయసు మీద పడ్డట్టు కనబడేవాడు కాదు."

"పెళ్ళాం పిల్లలూ?"

"ఒకత్తి ఉండేది. రాణి. పని పడితే వచ్చేది, పనయ్యాక వెళ్ళిపోయేది."

"ఆ రాణీల సంగతి నాకు తెలీదా! మా తమ్ముడిక్కూడా అలాంటిదే దొరికింది." పెనా మరో చెంచా తీసుకుంది. "ఇంతకీ ఏం జబ్బు?"

కేరా గుమ్మం వైపు తల తిప్పింది. ముడతల మధ్య కళ్ళు చిన్నవిగా, పొడిగా ఉన్నాయి.

"అదిగో, మా కోడలొచ్చింది. దానికి తెలుసు. ఏం జబ్బే, నెద్కా?"

నెద్కా సంచీ పట్టీని రెండు చేతులతో పట్టుకుంది.

"నీళ్ళలో," అంది. "మునిగిపోయాడు."

"అయ్యో," అంది పెనా. "పడవవాడై ఉండి!"

"అవును," అంది కేరా. "పడవవాడై ఉండి."

పెనా వెళ్ళేదాకా నెద్కా కోటు విప్పలేదు. వెళ్ళాక కేరా లేచి, ఇంకో ప్లేటులో గోధుమలు వేసి కోడలి ముందు పెట్టింది. కోడలు తీసుకోలేదు.

"ఎప్పుడొచ్చింది?"

"ఆగస్టులో."

"ఆవిడ మణికట్టు?"

"బాగానే ఉంది. ఎప్పుడూ బాగానే ఉంది."

"నేను కొవ్వొత్తి వెలిగించాను."

"తెలుసు అత్తయ్యా."

"పెద్దది." కేరా కొంచెంసేపు ఆ నష్టాన్ని చూసుకుంది. "నేను చస్తానని దాచావా?"

నెద్కా తల ఊపింది.

"ఎవరడిగారు నిన్ను? నా చావు నా కోసం ఆపావా, నీ కోసం ఆపుకున్నావా? ఒక్కదానివీ ఈ బల్ల ముందు కూర్చోవాల్సొస్తుందని భయం నీకు."

అది నెద్కాకు అంతవరకూ తట్టలేదు. తట్టగానే నిజమని తెలిసింది.

కేరా బాల్కనీ తలుపు పక్కనున్న కుర్చీలో కూర్చుని, కాల్చిన మిరపకాయల గిన్నె దగ్గరికి లాక్కుంది. శీతాకాలం కోసం ఎర్రటి లావు మిరపకాయలు. పైతోలు నల్లగా మాడి పొక్కులు లేచింది. ఆవిడ ఒక్కొక్కటే తీసి, కాడ దగ్గర పట్టి, ఒక్క లాగుతో తోలు ఒలిచి సీసాలో వెయ్యడం మొదలుపెట్టింది. వేళ్ళు వంకరలు పోయాయి గాని పనిలో పడితే ఆ వంకరలు కనబడవు.

"ఏడుస్తుంటే విన్నాను," అంది, మిరపకాయ మీంచి చూపు ఎత్తకుండా.

నెద్కాకు ముందు అర్థం కాలేదు.

"ఆగస్టులో. గోడ అవతల. దిండు అడ్డం పెట్టుకున్నా వినిపిస్తుంది, గోడ పల్చన. కున్చో కోసం అనుకున్నాను." తోలు ఊడింది. "ఇన్నేళ్ళకైనా వచ్చాయిలే నీళ్ళు అనుకున్నాను. తలుపు తట్టలేదు. ఏడవనీ, మధ్యలో పోతే ఆపేస్తుంది అని. మర్నాడు నీకు పాలు కాచి ఇచ్చాను, గుర్తుందా? తేనె వేసి."

గుర్తుంది. ఆ పాలు తాగుతూ నెద్కా, ఈవిడకు అనుమానం వచ్చిందేమోనని భయపడింది.

"అత్తయ్యా... ఎవరి కోసం ఏడ్చానో నాకే తెలీదు. ఒకవేళ ఆయన కోసం కూడా..."

"వద్దు." గొంతు పెరగలేదు. "తెలీకపోతే తెలీదను. నీకు తేలికవుతుందని నా కొడుకుని తీసుకెళ్ళి వాడి పడవలో ఎక్కించకు."

బల్ల మీద చెంచా చిన్నగా ఊగింది. నెద్కా సంచీలోంచి పొట్లం తీసి, బూడిదరంగు కాగితం విప్పి, పుస్తకాన్ని అత్తగారి ముందు పెట్టింది. కేరా దాన్ని చాలాసేపు చూసింది. చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"చేతులు తడి. చదువు."

"ఎక్కణ్ణించి?"

"వాడు పోయిన చోటు. ఎలాగూ తెలిసిపోయిందిగా, ఊరందరితోపాటు."

నెద్కా పేజీ వెతుక్కోనక్కర్లేదు, పుస్తకం అక్కడే తెరుచుకుంది. చదివింది. షాపులో పేర్లు చదివి వినిపించే గొంతే, తొణకకుండా. ఏడు రేవుల మీదా వంతెన కట్టేశారు. పడవతో ఎవరికీ పని లేదు. అయినా కెస్రిక్ పొద్దున్నే వచ్చి తాడు సరిచూసుకుంటాడు. వంతెన కూలిన రాత్రి, వరద నీళ్ళలో, అటు మిగిలిపోయినవాళ్ళను ఇటు చేరుస్తూ, ఆఖరిసారి ఖాళీ పడవతో వెళ్ళాడు. ఖాళీ పడవ వెనక్కి వచ్చింది.

కేరా తోలు ఒలవడం ఆపలేదు. ఒక్కచోట మాత్రం, "వంతెన కట్టినవాళ్ళు ఎక్కడ చచ్చారట?" అంది. నెద్కా చివరి వాక్యం దాకా చదివింది.

"అంతేనా?"

"ఆ అధ్యాయం అంతే."

"బాగా రాశాడు, వెధవ." కేరా రుమాలు అంచుతో ముక్కు తుడుచుకుంది. మిరపకాయ చేతుల వల్ల కళ్ళు మండాయి, ఆవిడ తిట్టుకుంది. తరవాత అంది, "ఇక నువ్వు గోధుమలు తిని షాపుకి పో. చచ్చినవాళ్ళు కాచుక్కూర్చుంటారు. నేను మొదటి పేజీ నుంచి చదువుకుంటా."

"సాయంత్రం నేనే చదివి వినిపిస్తా, కళ్ళు శ్రమపడతాయి..."

"నువ్వు పక్కనుంటే ముందు ఏం జరుగుతుందో నీ మొహం చెప్పేస్తుంది. పో."

నెద్కా గోధుమలు తిన్నది. తియ్యగా ఉన్నాయి. చెంచా కింద పెట్టాక గుమ్మం దగ్గర ఆగింది.

"అత్తయ్యా, నన్ను..."

"రాత్రి మాట్లాడదాం," అంది కేరా. అప్పటికే చేతులు తుడుచుకుంటోంది. "ఇప్పుడు నాకు పనుంది."

మధ్యాహ్నం షాపులో నెద్కా ఒక స్కూలు టీచర్ని క్లాసు మొత్తంలోంచి విడదీసింది. ఒక చేపలు పట్టే ఆయన్ని చేపలోంచి విడదీసింది. రాత్రి ఏం చెప్పాలో అల్లుకుంటూ ఉంది. తప్పే అని చెప్పాలి. భయం అని చెప్పాలి. కున్చో గురించి కూడా, పడవలో ఎక్కించకుండా, ఏదో ఒకటి చెప్పాలి. సమాధి దగ్గర ఏడుపు రాలేదన్నది నిజం, అతను లేని బల్ల ముందు ఒక్కరోజు కూడా కుదురుగా భోంచెయ్యలేదన్నదీ నిజం. రెండూ చెప్తే కేరా ఒకటి నమ్ముతుంది. ఏది నమ్మినా పర్వాలేదు. మాటలు దొరుకుతున్నాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి అక్షరదోషాలు చూసుకోకుండా మాటలు దొరుకుతున్నాయి. ఒకరి తండ్రి పేరు తప్పు కొట్టి, రెండోసారి అచ్చు వెయ్యాల్సొచ్చింది. గెన్చెవ్ పాడైన కాగితాన్ని తట్టలో వేస్తూ ఆమె వైపు వింతగా చూశాడు.

దారిలో తేనె కొన్నది.

ఇంకా వెలుగుంది. తలుపు మీద కెస్రిక్ కాగితం కింద ఎవరో ఇంకో పువ్వు పెట్టారు. పైన, వంటింట్లో సీసాలన్నీ మూతలు బిగించి, తడి తుడిచి, బల్ల మీద వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒలిచిన తోళ్ళు పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేసి ఉన్నాయి. గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. కేరా బాల్కనీ తలుపు పక్కన కుర్చీలో, తల కాస్త పక్కకు వాల్చి కూర్చుని ఉంది. కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. పుస్తకం ఒళ్ళో మూసి ఉంది. దాని మీద చెయ్యి.

"అత్తయ్యా," అంది నెద్కా. తేనె సీసా బల్ల మీద పెట్టింది. "అత్తయ్యా, వచ్చేశాను."

పోయిన ప్రాణం బయటికి వెళ్ళడానికి కిటికీ తెరవాలని ఆమెకు తెలుసు. తెరిచింది. పెనాను పిలవాలి, డాక్టర్ని పిలవాలి, అల్మరా అడుగున మూట తియ్యాలి. అవన్నీ తరవాత చేసింది, వరసగా, తప్పు లేకుండా. మర్నాడు షాపులో గెన్చెవ్ అడక్కుండానే కొత్త కాగితాల కట్ట విప్పి ఇచ్చాడు, లెక్క కూడా చూడలేదు. నెద్కా పేరు కొట్టింది, రెండో పేరు కొట్టింది, ఏళ్ళు కొట్టింది. మొదటి కాగితం బయటికి వస్తుంటే తెర మీది అక్షరాలు అలుక్కుపోయాయి. వంగి, కళ్ళు చికిలించుకుని చూసినా ఒక్క దోషం కూడా కనబడలేదు. ఉందో లేదో గెన్చెవ్‌ను చూడమంది.

కాని అదంతా తరవాత. ఆ సాయంత్రం, ఎవర్నీ పిలవకముందు, ఆమె అత్తగారి చేతిని ఎత్తి, పుస్తకాన్ని తీసుకుని, గుర్తున్నచోట తెరిచింది. బరువంతా కుడివైపే ఉంది. ఎడమవైపు తిరిగిన పేజీలు వేలి మందం కూడా లేవు. ఆగినచోట గుర్తుకోసం చేతికి ఏది దొరికితే అది పెట్టినట్టుంది: రెండు పేజీల నడుమ, కెస్రిక్ పొద్దున్నే వచ్చి తాడు ముడి విప్పబోతున్న వాక్యం మీద, అద్దంలా పల్చటి ఎర్ర మిరప తోలు ఒకటి, ఇంకా తడిగా, కాగితానికి అంటుకుని ఉంది.